ఎండపెట్టెలో పప్పు

తిరుపతి ఎగ్జిబిషన్‌లో ఎండతో వంట చేసే పెట్టె చూడగానే మా అమ్మ దగ్గు గుర్తొచ్చింది. కట్టెలపొయ్యి ముందు కూర్చుని కూర్చుని ఆమెకు ఆయాసం పట్టుకుంది. బేరం కూడా ఆడకుండా కొనేసి, పూతలపట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నల్లటి పెట్టె, పైన అద్దం, లోపల నల్ల గిన్నెలు. మా ఊళ్లో ఎండకేం కరువు?

అమ్మకు మొదటి రోజే అది తెగ నచ్చేసింది. పొద్దున కందిపప్పు, టమాటాలు, పచ్చిమిరపకాయలు వేసి పెరట్లో పెడితే మధ్యాహ్నానికి మెత్తగా ఉడికేది. పొద్దు తిరిగేకొద్దీ పెట్టెను కూడా తిప్పుతూ, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేది.

చిక్కంతా మా నాయనతోనే. ఆయనకు రాగిసంగటి లేకపోతే ముద్ద దిగదు. సంగటిని పొయ్యి మీద కెలకాలి, మూత తీస్తే వేడి పోయే పెట్టెలో అది కుదరదు. గ్యాసు మీద చేస్తే రుచి లేదంటాడు. పెట్టెలో ఉడికిన పప్పునైతే వేలితో కూడా తాకలేదు.

"నిప్పు లేకుండా ఉడికింది కూడెట్లయితాది? ఎండలో పెట్టేదానికి అదేమన్నా వడియమా?" అనేవాడు.

"ఒక్క ముద్ద తిని సూడు నాయనా" అని నేను పోట్లాడితే అమ్మే నన్ను కసిరేది.

"పోనీలే పాపా, ఆయనకట్ల అలవాటు" అంటూ పొయ్యి ఊదడానికి పోయేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది.

ఆ రోజు కూడా అమ్మ పప్పు పెట్టెలో పెట్టి, సంగటికి ఎసరు పెట్టింది. పొగకు ఆయాసం ఎక్కువైంది. ఆటోలో చిత్తూరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే, నా ఒళ్లోనే పోయింది.

ఇంటికి తెచ్చేసరికి ఎవరో పొయ్యిలో నీళ్లు పోసి ఆర్పేశారు. శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలగకూడదు. పెరట్లో పెట్టె సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నం మా పెద్దమ్మ మూత తీసి చూసింది. ఆ రోజు దాన్ని తిప్పినవాళ్లు లేరు. అయినా పప్పు ఉడికిపోయి ఉంది.

"సావింట్లో కూడు, పారబొయ్యాల" అంది పెద్దమ్మ.

నాయన లేచి వచ్చి ఆమె చేతిలోంచి గిన్నె లాక్కున్నాడు. అక్కడే గొంతుక్కూర్చుని, వేళ్లు కాలుతున్నా, అందరూ చూస్తుండగా తిన్నాడు. నేనూ ఆపలేదు.

తర్వాత వసారాలో పడుకోబెట్టిన అమ్మ వైపు తిరిగాడు.

"బాగుండాది మ్మే. రేపట్నించి దీంట్లోనే సెయ్యి. పొయ్యి ముట్టియ్యబాక" అన్నాడు.