ఇటలీ బండికి చెలమ నీళ్లు

ఇవాళ పొద్దున బండి సీటు ఊడదీస్తే దాని కింద చేప పొలుసు ఒకటి కనిపించింది. స్పాంజికీ రేకుకీ మధ్య అతుక్కుని, ఎండిపోయి, చిటికెనవేలి గోరంత ఉంది. గీకి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత దానికి వాసన ఉండే అవకాశమే లేదు. అయినా పెట్రోలూ, పాత ఆయిలూ, ఉప్పుగాలికి తెల్లగా పొడి రాలే అల్యూమినియమూ కలిసిన ఆ వాసనలో ఎక్కడో అడుగున, ఐసు కరిగి కారిన చేపనీళ్ల వాసన నాకు తగిలింది. చేతిలో ఉన్న గ్రైండరును పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాను.

గ్రైండరు ఎందుకంటే, బండి వెనక చట్రానికి వెల్డింగు చేసిన నాలుగు ఇనుప కమ్మీలను కోసెయ్యడానికి. పాత బండ్లు పోగుచేసే పెద్దమనిషి ఒకాయన పోయిన వారం నెల్లూరు నుంచి వచ్చి చూశాడు. ఇటలీలో పుట్టిన ఎర్రటి పందెం మోటారుసైకిలు జువ్వలదిన్నె పక్క పాలెంలో ఉందంటే ముందు నమ్మలేదట. చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, కమ్మీల మీది నీలం పడవ రంగును వేలితో తాకి, మనసు కష్టపెట్టుకుని అడిగాడు. "ఇంత మంచి బండిని ఎవరమ్మా ఇట్టా పాడు చేసింది?" కమ్మీలు తీసేసి, హ్యాండిలు మార్చి, కంపెనీలో పుట్టినట్టు చేస్తే తన బండ్లతో పాటు నలుగురికీ చూపిస్తానన్నాడు. నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఎవరు పాడు చేశారో మాత్రం ఆయనకు చెప్పలేదు. అది చెప్పాలంటే చెలమ దగ్గర మొదలుపెట్టాలి.

మా పాలెంలో బావి తవ్వితే ఉప్పునీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తల దువ్వెనకు లొంగదు. తియ్యనీళ్లు కావాలంటే సరుగుడు తోపు దాటి, ఇసుక దిబ్బల మధ్య పల్లంలో తవ్విన చెలమ దగ్గరికి పోవాలి. ఎండాకాలంలో నీళ్లు అడుక్కి దిగిపోయేవి. కొబ్బరి చిప్పతో ఒక్కో చిప్పా తోడి, గుడ్డలో వడగట్టి బిందె నింపుకునేసరికి నడుములు పడిపోయేవి. ఊట ఊరేదాకా మేము పిల్లలం సరుగుడు కాయలతో అచ్చనగాయలు ఆడుకుంటూ, ఎర్రపీతల్ని బొరియల్లోకి తరుముతూ, అమ్మలు కేకేస్తే పరుగెత్తి తలా ఒక చెంబు ఎత్తుకుని ఇంటికి పోయేవాళ్లం. ఆ నీళ్లకు చల్లదనంతో పాటు ఇసుక వాసన కూడా ఉండేది, తాగితే కడుపు నిండినట్టుండేది.

అంత కష్టపడి తెచ్చిన నీళ్లు మా ఇంట్లో మొదట ఎవరికో తెలుసా, పడవ ఇంజనుకి. నాయన చేపల వేట నుంచి రాగానే ఇంజనును భుజాన వేసుకొచ్చి, పెరట్లో డ్రమ్ములో నిలబెట్టి, తియ్యనీళ్లు పోసి కాసేపు ఆడించేవాడు. లోపల చేరిన ఉప్పు అంతా కడుక్కుపోవాలి, లేకపోతే నెలల్లో తినేస్తుంది. ఆ తర్వాత మిగిలితే తన కాళ్లకు, ఆ తర్వాత మాకు. అమ్మకు ఒళ్లు మండిపోయేది. పిల్లల గొంతు తడవకముందే ఇనుముకు స్నానమేమిటని ఆమె, అది చస్తే పిల్లల గొంతులోకి గంజి కూడా దిగదని ఆయన. ఈ పోట్లాట మా ఇంట్లో దీపం పెట్టినంత మామూలుగా ప్రతి సాయంత్రం జరిగేది.

అమ్మ చేపల గంప మోసేది. పొద్దున్నే పడవల దగ్గర చేపలు ఎత్తుకుని, రోడ్డు మీదికి నడిచి, బస్సెక్కి కొడవలూరు వైపు పల్లెలకు పోయేది. వరి పండే ఆ ఊళ్లలో అమ్మ వచ్చే రోజు తెలిసి, చింతపండు నానేసుకుని, మామిడికాయ కోసి పెట్టుకుని ఆడవాళ్లు అరుగుల మీద కూర్చునేవారట. వాటిని ఆమె 'నా ఊళ్లు' అనేది. ఎవరింట్లో కోడలు నీళ్లోసుకుంది, ఎవరు తలకాయలు అడుగుతారు, ఎవరికి తోక వైపు ముక్కే కావాలి, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఒక వారం మొహం చూపించకపోతే ఇంకొకరి గంప ఆ గడపల్లో దిగుతుందని ఆమె భయం.

ఒక ఎండాకాలం మొదట్లో, కొత్తగా వచ్చిన కండక్టరు గంప నీళ్లు కారుతోందని, వాసనకు మిగతావాళ్లు ఎక్కడం లేదని అమ్మను దించేశాడు. వెనక వచ్చిన బస్సుదీ అదే మాట. ఎండ ఎక్కేదాకా రోడ్డు పక్కన నిలబడి, కళ్లు తేలేసిన చేపల్ని వెనక్కి మోసుకొచ్చి, కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చింది. నేనూ మట్టి లాగాను. ఏడుస్తుందేమోనని చూశాను. చేతులు కడుక్కుని, అన్నానికి కూర్చున్న నాయనతో ఒకే మాట అంది. "ఇంక బస్సెక్కను. ఊళ్లు మాత్రం ఇడిసిపెట్టను."

నాయన తమ్ముడు, మా చిన్నాయన, అప్పుడు మద్రాసుకు చేపలు తోలే వ్యానులో పనిచేసేవాడు. ఖాళీగా తిరిగొచ్చే వ్యానులో ఒకరోజు ఐసు పెట్టెల మధ్య తాళ్లతో కట్టేసి ఈ బండిని దించాడు. ఎవరో పెద్దింటివాళ్ల సెల్లారులో వాన నీళ్లలో మునిగి, పాత ఇనుములోకి పోతుంటే ఎత్తుకొచ్చాడట. ఊరంతా వచ్చి చూసింది. మూతి ముందుకు సాగి, తోక పైకి లేచి, బురదలో కూడా ఎర్రగా మెరుస్తూ వలలో పడ్డ కొత్త చేపలాగా ఉంది. అలల్లో పల్టీ కొట్టి మునిగిన ఇంజన్లను బతికించడం నాయనకు కొత్త కాదు, పైగా ఇదీ పెట్రోలులో ఆయిలు కలిపి పోసే రకమే. దీని ఇంజను పీకి పడవకు ఎలా బిగించాలా అని అన్నదమ్ములిద్దరూ ఇసుకలో గీతలు గీస్తుంటే, అమ్మ చీపురు పట్టుకుని వచ్చి ఆ గీతలు ఊడ్చేసింది. "పీకేదేం లేదు. ఇది నాకు కావాల."

అది వేట నిషేధం కాలం. సముద్రం మీదికి పోకూడని ఆ రెండు నెలలూ పడవ ఇంజను మా లోపలి గదిలో గోనెసంచి మీద విప్పి ఉండేది. ఆ ఏడాది దాని పక్కన ఇంకో సంచి పరిచారు. ఇల్లంతా కిరసనాయిలు వాసన. రేషను కిరసనాయిలులో నానేసిన బోల్టులు ఒక పళ్లెంలో, ఎండు నెత్తళ్లు ఇంకో పళ్లెంలో, ఏది ఎక్కడ పెట్టామో చూసుకుని చెయ్యి పెట్టాల్సి వచ్చేది. పచ్చి చేప దొరకని రోజులు కదా, ఎండు నెత్తళ్లూ మామిడికాయా వేసిన పులుసుతో అన్నం తింటూనే మేమంతా స్పానర్లు అందించేవాళ్లం. నాకు అప్పజెప్పిన పని చైను. ఒక్కో లింకూ బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, నూనె పెట్టడం. చైను విషయంలో నా అంత పట్టింపున్న మనిషిని ఇప్పటికీ నేను చూడలేదు.

బండి పలికింది. ఊరు దద్దరిల్లేలా పలికింది. నాయన దాన్ని తీసుకుని రోడ్డెక్కాడు. గంట తర్వాత తోసుకుంటూ వచ్చాడు. పడవ ఇంజను తనకు కావలసిన నీళ్లు సముద్రంలోంచి తనే తాగుతుంది. నేల మీది ఇంజనుకి మనమే పోయాలని ఆయనకు తట్టలేదు. రేడియేటరులో చుక్క లేక ఇంజను పట్టేసింది. పిస్టను మీద గీతలు చూసి చిన్నాయన తల పట్టుకున్నాడు. ఆ ఇటలీ పిస్టను మా చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. అమ్మ మాత్రం ఆ గీతలు పడ్డ పిస్టనునే కొంగులో కట్టుకుని కావలి వెళ్లి, లేతు మిషను షాపులో కూర్చుని, ఇంకేదో బండి పిస్టనును సరిపోయేలా అరగదీయించుకునే వచ్చింది. తర్వాత ఏ ఇంజనుకీ ఇవ్వననే చెలమ నీళ్లను తన చేత్తోనే రేడియేటరులో పోసింది. నాయన నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు.

ఇక ఆ బండిని అమ్మకు సరిపెట్టడం మొదలైంది. పడుకున్నట్టు వంగి తోలే హ్యాండిలు తీసేసి ఏదో పాత బండిది, ఎత్తైనది బిగించారు. కాళ్లు నేలకు అందడం లేదని సీటు స్పాంజిని ఈత చాపలు కోసే కత్తితో కోశారు. వెనక ఐసు పెట్టె నిలవడానికి, పడవలు బాగుచేసే చోట కమ్మీలు వెల్డింగు పెట్టించి, మిగిలిన నీలం పడవ రంగు పూశారు. ఊడదీసిన కింది ప్లాస్టిక్ తొడుగు నెత్తళ్లు ఆరబెట్టే తట్ట అయింది. ముందు తొడుగులో మా కోడి గుడ్లు పెట్టింది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ గట్టిపడిన తడి ఇసుక మీద, చీర ఎగ్గట్టి, అమ్మ నేర్చుకుంది. పడింది. లేచింది. మళ్లీ పడింది. వలలు బాగుచేసుకునేవాళ్లు పని మానేసి చూసి నవ్వారు. నాకు సిగ్గేసింది, కోపం వచ్చింది, ఆ వెంటనే ఆమె మూడో గేరు వేసుకుని నా పక్కనుంచి దూసుకుపోతే ఏడుపొచ్చింది. దిగీ దిగగానే ఇసుకా ఉప్పూ పోయేలా బండిని తియ్యనీళ్లతో తుడిచేది, తన మోచేతి గాయం తర్వాత చూసుకునేది.

నిషేధం ముగిసి పడవలు పోయొచ్చిన మొదటి రోజు, పెట్టె నిండా వంజరం, రొయ్యలు వేసుకుని, రబ్బరు బూరా మోగించుకుంటూ అమ్మ కొడవలూరు దారి పట్టింది. నేను బడికి పోలేదు. నాయన వల ముందు కూర్చున్నాడు గానీ తెగిన కన్ను ఒక్కటీ కట్టలేదు. మధ్యాహ్నం సరుగుడు తోపు అవతల ఆ శబ్దం వినిపించాక ఇద్దరం లేచి నిలబడ్డాం. పెట్టె ఖాళీ. మొహమంతా దుమ్ము. తన ఊళ్లలో ఒక్క గడపా పోలేదని, ఇన్నాళ్లూ ఎండు చేపలతోనే సరిపెట్టుకున్నారని చెబుతూ దిగింది. నాయన చెలమ నీళ్ల బిందె తీసుకుని బండి వైపు నడిచాడు. సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూసి, వెనక్కి తిరిగాడు.

"ఇంజను ఇంకా కాలతా ఉండాది. ఇప్పుడు పోస్తే పగిలిపోద్ది. ముందు నీ కాళ్లు చాపు."

మా ఇంట్లో ఇంజను కంటే ముందు మనిషికి తియ్యనీళ్లు పోయడం అదే మొదటిసారి. నాయన వంగి పోస్తూనే ఉన్నాడు. అమ్మ పాదాలు చాలాసేపు రుద్దుకుంది. ఆ రోజు నుంచి అమ్మ బండి తోలడం మానేసిన రోజు దాకా వాళ్లిద్దరి మధ్య అదే వరస.

నాయన ఇప్పుడు లేడు. చెలమా లేదు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక ఊట ఉప్పగా మారింది, తర్వాత ఇసుక కప్పేసింది. రేషను కిరసనాయిలు లేదు, చైను కడగడానికి డబ్బాలో వచ్చే స్ప్రే కొంటున్నాను. అమ్మ ఊళ్లకు ఇప్పుడు ఆటోలో చేపలు పోతున్నాయి. ఉప్పుగాలి మాత్రం ఎక్కడికీ పోలేదు, దానితో నేను వారం వారం పోట్లాడుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం నెల్లూరు పెద్దమనిషికి ఫోను చేసి, కమ్మీలు కొయ్యడం లేదని చెప్పాను. బండిని ఎవరూ పాడు చెయ్యలేదనీ, మా అమ్మ తన కొలతకు చేయించుకుందనీ చెప్పాను. గ్రైండరుతో తుప్పు మాత్రం గీకి, వెతికి తెచ్చిన నీలం రంగే మళ్లీ పూశాను. సాయంత్రం బండి మీద తోపు దాకా పోయి వచ్చి, ఇంటి ముందు ఆపి, క్యానులో కొన్న నీళ్లు చెంబులోకి వంచుకున్నాను. అమ్మ మెట్టు మీద కూర్చుని రంగు ఆరిందా లేదా అని చూస్తోంది. నేను వంగి సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఇంకా నోరు తెరవనేలేదు, అమ్మ కాళ్లు చాపింది.