చేపలు ముట్టని సంగటి ముద్ద

మా చిన్నప్పుడు... అంటే నాకు పదిహేనేళ్ళు. మిట్టమధ్యాహ్నం నాయన సముద్రంలోకి రాగి సంగటి ముద్దలు విసురుతున్నాడు. ఒడ్డున అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని తిడుతోంది.

"దసరా దాకా వస్తాదని కడప నుంచి మోసుకొచ్చిన పిండి... చేపల పాలు చేస్తాండావే! నీకేమన్నా మతి ఉందా?"

"ఊరుకోమ్మే. చెరువులో పట్టినోనికి సముద్రం ఒక లెక్కనా?"

తొంభైలో సంగతి ఇది. కువైట్‌లో ఒకే ఇంట్లో నాయన డ్రైవరు, అమ్మ వంటమనిషి. మేముండిన మహబూలా అంటే ఇప్పుడు బిల్డింగులే గానీ, అప్పుడు మా వీధి దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకని వెళ్ళాను. ఇంటర్‌లో చేరడానికి ఆగస్టులో తిరిగి రావాలి... ఈలోగా ఇరాక్ సైన్యం వచ్చేసింది. విమానాల్లేవు, ఊరికి ఫోన్లు లేవు. చేపల మార్కెట్టూ మూతపడింది.

ఇంటావిడను మేము మామా అనేవాళ్ళం. ఆమె తల్లి పెద్ద మామా. పెద్ద మామా కొడుకు వేసవికి కైరో వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. కబురు లేదు. ఆ బెంగతో ఆమె అన్నం మానేసింది. పళ్ళెం తీసుకెళ్తే, "చేప ఉందా? లేదా? ఖలాస్!" అని గోడవైపు తిరిగి పడుకునేది. మూడో రోజు కళ్ళు తిరిగి పడిపోయింది. బతిమాలి గుక్కెడు పాలు పట్టిస్తూ ఏడుస్తున్న మామాను చూడలేక నాయన మాట ఇచ్చేశాడు... "చేప నేను తెస్తా" అని.

నాయనకు తెలిసిన విద్య మా ఊరి చెరువుది. ఎండలకు నీళ్ళు తగ్గినప్పుడు, మధ్యాహ్నం చేపలు కట్ట నీడకు చేరతాయి. గాలానికి సంగటి గుచ్చి అక్కడ వదలాలి. అదే పని ఇక్కడా చేశాడు, రాళ్ళ కట్ట పక్కన. ఆ ఎండకు సముద్రం ఎసరులా ఉంది. సంగటి కరిగిపోయేది గానీ, చేప తోక కూడా కనబడలేదు.

అప్పుడు శ్రావణమాసం. మా ఇంట్లో నీచు ముట్టరు. అమ్మ ఆ ఇంటివాళ్ళకు వండేది గానీ, ఉప్పు కూడా చూసేది కాదు. నేను మాత్రం దండం పెట్టుకుని, "స్వామీ, ఒక్క చేప ఇప్పించు. ఈ ముసలామె నాలుగు ముద్దలు తింటే, బతికినంతకాలం శ్రావణంలో నీచు ముట్టను" అని మొక్కుకున్నాను. శ్రావణంలో వెంకన్నను చేప అడిగినదాన్ని నేనొక్కదాన్నేనేమో... స్వామి క్షమించాలి.

మర్నాడు ఒక ఇరాక్ సిపాయి వచ్చాడు. నెరిసిన మీసం, భుజాన తుపాకి. పళ్ళెంలో నల్లగా, గుండ్రంగా ఉన్న ముద్దలను చూసి, బాంబులేమోనని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమిటవి?"

"తిండి సార్, తిండి!" అన్నాడు నాయన తనకొచ్చిన అరబ్బీలో.

"అయితే తిను."

నాయన గబగబా రెండు ముద్దలు మింగేశాడు. అంత భయంలోనూ అమ్మ గొణిగింది... "ఇంట్లో పెడితే గట్టిగుందంటావు. ఇప్పుడెట్ల దిగుతాంది?"

పక్కనే ఉన్న గాలం చూసి సంగతి అర్థమై సిపాయికి నవ్వొచ్చింది. తనది నది ఒడ్డున ఊరేనట. "మా ఊళ్ళో ఎర పిండిలో ఖర్జూరం కలుపుతాం" అని, జేబులోంచి రెండు పళ్ళు తీసి ఇచ్చాడు. ఇక చెరువాయన, నదాయన కలిసి రెండు రోజులు సముద్రానికి తీపి సంగటి తినిపించారు.

ఇదంతా పెద్ద మామా మేడమీద కిటికీలోంచి చూస్తూనే ఉందట. మూడో మధ్యాహ్నం నల్లటి అబాయా వేసుకుని, కర్ర పట్టుకుని ఇసుకలోకి దిగింది. అన్నిరోజుల తర్వాత మంచం దిగడం అదే.

"ఇద్దరు మగాళ్ళు! ఒక్కరికీ బుద్ధి లేదు! ఈ ఎండలో చేప ఒడ్డుకు వస్తుందా? లోపల చల్లని నీళ్ళలో ఉంటుంది. తెల్లవారుజామున, పోటు వచ్చేటప్పుడు రాళ్ళ దగ్గరికి వస్తుంది. దానికి కావలసింది రొట్టె కాదు, మాంసం!"

ఆమె తండ్రి పడవ నడిపినవాడని అప్పుడే తెలిసింది మాకు.

మర్నాడు తెల్లవారుజామున నమాజు చేసుకుని, పాత దారపు ఉండ పట్టుకుని వచ్చింది. నాయన చేత రాళ్ళ సందులో పీతను పట్టించి, గాలానికి తనే గుచ్చింది. సిపాయి వంగి చూడబోయాడు.

"జరుగు. నీ బూట్ల చప్పుడుకు చేప పారిపోతుంది."

తుపాకి ఉన్న మనిషి బుద్ధిగా జరిగాడు.

కాసేపటికి దారం బిగిసింది. మూరెడు హమూర్ చేప! సిపాయి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పెద్ద మామా అతని వైపు చూడకుండానే అంది... "నీకు కావాలంటే నీ నదికి పోయి పట్టుకో."

అతను నవ్వడం ఆపేసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. నాకెందుకో జాలేసింది.

ఆ రోజు అమ్మ చింతపండు పులుసు పెట్టింది, ఉప్పు చూడకుండానే. ఆ వాసనకు నా మొక్కు ఎంతగా ఊగిందో ఆ స్వామికే తెలుసు.

పెద్ద మామా అన్నం పక్కకు నెట్టి, మా కోసం చేసుకున్న సంగటి వైపు చూపించింది. "చేపలు వద్దన్నది అదేనా? ఇటు తే, చూద్దాం."

పులుసులో అద్దుకుని ఒక ముద్ద తింది. ఇంకొకటి అడిగింది. మామా తలుపు చాటున కళ్ళు తుడుచుకుంది.

"ఇన్ని దినాలు ఎర వేస్తే ఒక్కటీ రాలా..." అన్నాడు నాయన మెల్లగా. "పడింది పెద్ద మామా ఒక్కామే."

నెల తర్వాత మేము బస్సెక్కి జోర్డాన్ మీదుగా ఇల్లు చేరాం. మిగిలిన రాగిపిండి మాత్రం పెద్ద మామా తీసుకెళ్ళనివ్వలేదు. డబ్బాను దిండు పక్కన పెట్టుకుని, "మీ ఊళ్ళో ఇంకా ఉంటుందిగా. యల్లా, వెళ్ళండి" అంది. నా ఇంటర్ ఆ ఏడు పోయింది, తర్వాత కుదరనే లేదు. పెద్ద మామా కొడుకు ఇల్లు చేరాడో లేదో మాకు తెలియలేదు.

మొన్న కువైట్‌లో ఉన్న మా మేనల్లుడు అదే తీరాన్ని వీడియో కాల్‌లో చూపించాడు. రాళ్ళ కట్ట ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను... ఇప్పుడు రాగిపిండి అక్కడ ప్రతి కొట్లోనూ దొరుకుతుందట. శ్రావణం వస్తే మాత్రం, ఇప్పుడు మా ఇంట్లో వాళ్ళు ఆ పట్టింపు వదిలి చేప తెచ్చినా నేను సంగటిలో మజ్జిగే పోసుకుంటాను. నేను మొక్కుకున్నట్టు నాలుగు కాకపోయినా, ఆమె ఆ రోజు రెండు ముద్దలూ పూర్తిగా తింది మరి...

మీ ఇంట్లో అలిగి అన్నం మానేసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చివరికి ఏ ముద్దకు దిగొచ్చారో చెప్పరూ...