ఇన్‌స్పెక్షన్ రోజు రావద్దన్న పిల్ల

2021. కరోనా తగ్గి బడులు తెరిచిన ఏడాది. కోడూరు దగ్గర ఒక హైస్కూల్లో ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. ఫోన్లున్న పిల్లలు ఇంట్లో కూర్చుని ఏదో కాస్త విన్నారు. లేనివాళ్ళు వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోయి వచ్చారు.

అంతలో ఇన్‌స్పెక్షన్ అన్నారు. అధికారి ముందు చెప్పి చూపించే పాఠాన్ని మేం మోడల్ లెసన్ అంటాం. పేరుకే పాఠం. ప్రశ్నలూ జవాబులూ ముందే వల్లె వేయించిన నాటకం అది. నాకు ప్లూరల్స్ ఇచ్చారు. ఒకటి కాస్తా అనేకమైతే మాట ఎలా మారుతుందో చెప్పాలి. క్యాట్ క్యాట్స్ అవుతుంది, బాక్స్ బాక్సెస్ అవుతుంది. చైల్డ్ మాత్రం ఏ దారికీ రాకుండా చిల్డ్రన్ అవుతుంది. అలాంటివాటిని ఇర్రెగ్యులర్ అంటాం.

ముందురోజు పొద్దున్నే ఒకావిడ చేపల గంప గేటు బయట దించి, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. నా తరగతిలో చివరి బెంచీలో కూర్చునే కుమారి వాళ్ళమ్మ.

"మా పిల్లని రేపు రావద్దన్నారంటండీ. ఏం తప్పు చేసిందండీ?"

"ఎవరన్నారమ్మా?"

"పెద్దసారే అన్నారంట. చదువు రానోళ్ళని ఇంటికాడే ఉండమన్నారంట. చదువొస్తే ఇంక బడెందుకండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అధికారి వచ్చే రోజు వెనకబడిన పిల్లల్ని ఇంట్లో ఆపేసి, రిజిస్టర్లో వచ్చినట్టు రాసెయ్యడం కొన్ని బడుల్లో ఆనవాయితీ. మా బడికీ ఆ జబ్బు అంటుకుందని అప్పుడే తెలిసింది. తిన్నగా హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"ఒక్క పూటే కదా మేడమ్. తప్పు చెబితే బడి పరువు పోతుంది," అన్నారాయన.

"పిల్లని గెంటేస్తే నిలుస్తుందా సార్ పరువు? కుమారి రాకపోతే మోడల్ లెసన్ మీరే చెప్పుకోండి."

ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఏం జరిగినా బాధ్యత నాదేనన్నారు. సరేనన్నాను.

మర్నాడు కుమారిని ముందు బెంచీలో కూర్చోబెట్టాను. పాఠం మధ్యలో అధికారి సరిగ్గా ఆ పిల్లనే లేపి, బాక్స్‌కి ప్లూరల్ ఏమిటని అడిగారు. కాసేపు ఆలోచించి "బాక్సులండీ" అంది. తరగతంతా గొల్లున నవ్వింది. హెడ్మాస్టరుగారు నా వంక గుర్రుగా చూశారు.

"ఒకటి కాదని తెలిసింది కదా, మంచిది. ఇంగ్లీషులో బాక్సెస్ అంటాం. ఏదీ, అను," అన్నాను నేను.

"బాక్సెస్."

అధికారి తలూపి పక్క తరగతికి వెళ్ళిపోయారు. ఆ తప్పు గురించి ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇంతోటి దానికా పిల్లని ఇంట్లో దాచమన్నది? సిగ్గుండక్కర్లేదా మనకి?

సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక కుమారి సంచి భుజాన వేసుకుని నా బల్ల దగ్గరే తచ్చాడింది.

"టీచర్, రేపు కూడా రావచ్చాండీ?"

"రావాలి," అన్నాను గట్టిగా.

మేం వల్లె వేయించిన ఆ జవాబులు పిల్లలు ఎప్పుడో మరిచిపోయి ఉంటారు. తన బడికి తను రావడానికి కూడా అనుమతి అడగాలని మాత్రం ఆ పిల్లకి ఒక్క మాటతో నేర్పేశాం.