పిలవని దేవుడు, బాలయ్య సారు

2019లో నేను మహబూబ్‌నగర్‌లో ఒక పాలియేటివ్ కేర్ వార్డులో స్టాఫ్ నర్సును. నయం కాని జబ్బులో నొప్పి తగ్గించి, మనిషిని నెమ్మదిగా ఉంచే వార్డు అది. చివరి ఘడియ దగ్గరపడితే హిందువుల నోట్లో తులసి తీర్థం పోయించేవాళ్లం, క్రైస్తవులకు పాస్టరును పిలిపించేవాళ్లం, ముస్లింలకు చెవిలో కలిమా చదివించేవాళ్లం. అందుకే చేరిన రోజే ఏ దేవుణ్ణి నమ్ముతారని అడగడం నాకు అలవాటు.

కల్వకుర్తి నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్ బాలయ్య సారునూ అడిగాను. కాలేయ క్యాన్సర్. ఉద్యోగంలో ఉండగానే బౌద్ధం తీసుకున్నారట.

“మాకు సృష్టించిన దేవుడంటూ లేడు బిడ్డా,” అన్నారు.

నాకు చిరాకేసింది. “బుద్ధుడికి దండం పెడతారు కదా సార్?”

“మొక్కుడు వేరు, అడుగుడు వేరు. నాకు అక్షరాలు నేర్పిన సారుకు గూడ మొక్కుత. గాయిన నా రోగం తీసేస్తడా?”

“అయితే దేవతలే లేరంటారా?”

“మా కథలల్ల ఉన్నరు. కని వాళ్లకు గూడ సావున్నది. మనల దాటియ్యలేరు. ఎవని మనసు వాడే చూసుకోవాలె. గందుకే పోయేటప్పుడు నాకు తెలివుండాలె. మత్తుల పోనియ్యకు.”

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇస్తాం. డోసు పెరిగితే మగత కమ్ముతుంది, తగ్గితే నొప్పి తినేస్తుంది. డాక్టరుగారితో మాట్లాడి డోసు తక్కువే ఉంచాం. నొప్పి మధ్యలో ఎగదన్నితే ‘బ్రేక్‌త్రూ డోస్’ అని చిన్న అదనపు మోతాదు ఉంటుంది. ఆయన దవడలు బిగబట్టుకుని పడుకుంటే చూడలేక, అది వేయించుకోమని నేనే బతిమాలేదాన్ని.

భార్య అనసూయమ్మకు ఎల్లమ్మే దిక్కు. “ఒక్కపారి ఎల్లమ్మ తల్లీ అను. నా కోసమన్న అను,” అని మంచం పట్టుకుని ఏడ్చింది.

“నువ్వు బోనమెత్తుకుంటే ఏటా నీ ఎంబడి వచ్చిన గద. నీ తల్లిని ఎన్నడన్న కాదన్ననా? నాతోని మాత్రం అబద్ధం పలికియ్యకు,” అన్నారాయన. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

ఒక ఉదయం ఆయన శ్వాస మారింది. పిలిస్తే కళ్లు తిప్పి చూస్తున్నారు. ఆయన తమ్ముడు శీనయ్య తులసి తీర్థం తెచ్చాడు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. అనసూయమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

“వద్దు శీనయ్యా. గాయినకు ఇంకా తెలివున్నది. అడగంది నోట్లె పొయ్యొద్దు.”

చెంచాతో ఉత్త నీళ్లు తీసుకుని తనే ఆయన పెదవులు తడిపింది. ఆయన ఆమెనే చూస్తూ పోయారు.

ఆయన కళ్లు మూసి, ఆమె వరండాలోకి వెళ్లి చేతులు జోడించింది. “ఎల్లమ్మ తల్లీ, నిన్ను పిలువకుంట పోయిండని కోపం జెయ్యకు. మంచోడు. జర చూసుకో.” నర్సులు ఏడవకూడదంటారు. నేను ఏడ్చాను.

అప్పటినుంచి మా వార్డుకు ఎవరొచ్చినా, చివర్లో మీకు ఏం చేయొద్దో కూడా చెప్పమని అడుగుతున్నాను. చాలామంది ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు వెంటనే చెబుతారు.