నీలం లైటు నిలిచిందాకా

మా పెద్దమ్మాయి పోయి నెల కావస్తోంది. ఒంగోలు ఆస్పత్రిలో, తొమ్మిది రోజుల జ్వరంతో. తెల్లారి మా ఆయన ఫోన్ చేసి, "తీసుకొస్తున్నాం" అని ఒక్క మాటే అన్నాడు. నేనప్పుడు కల్లంలో మిరపకాయల మీద కప్పిన పట్టా తీస్తున్నాను. అయిదో తరగతి చదివినదాన్ని, తప్పులుంటే మన్నించండి. ఈ నాలుగు మాటలు రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

తను ఒంగోలులో టీవీలు, సౌండ్ బాక్సులు బాగుచేసే షాపులో పనిచేసేది. మా ఇంట్లో మా ఆయన పెళ్లికి ముందు కొన్న ఆంప్లిఫయర్ ఉంది. క్యాసెట్లు పోయాక దాని మీద నేను పచ్చడి జాడీలు పెట్టుకున్నాను. కిందటేడు తను వచ్చి జాడీలు దించి, అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఒకటి దానికి తగిలించింది. ఇంటికి నెట్ పెట్టించింది. ఎక్కడున్నా సరే, ఫోన్లో పాట నొక్కితే వైరు లేకుండానే ఆ పెట్టెలోకి వస్తుందట, అక్కణ్ణుంచి పాత స్పీకర్లలో మోగుతుందట. "మిషను బాగానే ఉందమ్మా, పాట అందించేవాళ్లు లేక ఊరుకుంది" అంది.

ఆంప్లిఫయర్ వెనకాల అన్నీ రంధ్రాలు, ఇంగ్లీషు అక్షరాలు. ఒకసారి దుమ్ము దులుపుతూ వైర్లు పీకి వేరే వాటిలో గుచ్చాను. స్పీకర్లు గీపెట్టాయి. తను వచ్చి చూసి నన్నేమీ అనలేదు. తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి సరైన రంధ్రాల పక్కన అంటించి, బొట్టున్న చోటే పెట్టమంది. స్విచ్ వెయ్యగానే మిణుకుమనే పెట్టె లైటు కుదురుకోకముందే నేను తొందరపడి సౌండ్ తిప్పబోతే చెయ్యి పట్టుకునేది.

"నీలం లైటు నిలిచిందాకా ఆగమ్మా."

రోజూ నాలుగింటికి షాపులో టీ తాగుతూ ఒంగోలు నుంచే పాట పెట్టేది. ఇక్కడ మా ఇంట్లో మోగేది. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు "మీ అమ్మాయొచ్చిందక్కా" అని నవ్వేవాళ్లు.

ఈ ఏడు మబ్బుకు భయపడి కొంత కాయ హాల్లోనే పోశాం. ఆ దుమ్ముకు పెట్టె పాడవుతుందని ఒక రాత్రి పీకేసి, చీరలో చుట్టి బీరువాలో పెట్టాను. తనకు చెప్పలేదు. మర్నాడే తనకు జ్వరమంటే ఆయన్ని పంపి నేను కాయల దగ్గరే ఉండిపోయాను. మామూలు జ్వరమే కదా అనుకున్నాను.

ఎనిమిదో రోజు నాలుగింటికి ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, పెట్టె ఆన్‌లోనే ఉందా?"

చేతులకు కారం. బీరువా తియ్యడం అప్పుడు పెద్ద పనిలా తోచింది. "ఉంది, మోగుతూనే ఉందిగా" అన్నాను.

"సర్లేమ్మా. కాయలు తడవనీకు" అంది. నాతో అదే ఆఖరి మాట.

పెద్దకర్మకు వాళ్ల షాపు ఓనరుగారు వచ్చారు. పెట్టె తీసిస్తే తగిలించి పెట్టారు. దీనికి కరెంటు లేకపోతే అవతల ఫోన్లో కనపడదండీ, పాట పెట్టడానికే కుదరదు అని చెప్పారు. ఆయన మామూలుగానే చెప్పారు. ఆ రోజు తన ఫోన్లో అది కనపడకే నన్ను అడిగింది. నా అబద్ధం నా బిడ్డకు తెలుసు. తెలిసే సర్లేమ్మా అంది.

ఇప్పుడు రోజూ నాలుగింటికి స్విచ్ వేస్తాను. నీలం లైటు నిలిచిందాకా ఆగి, సౌండు సున్నా నుంచి మెల్లగా తిప్పుతాను. స్పీకర్లలో సన్నగా గుయ్యిమంటుంది, అంతే. ఆడవాళ్లు తొడిమలు తీయడం ఆపేస్తారు. దుమ్ము దులిపేటప్పుడు వెనక ఆ బొట్టు దగ్గరికి మాత్రం గుడ్డ పోనివ్వను.