పెట్టె ఒక దిక్కు, కూత ఒక దిక్కు

కొత్తగా కొలువులో చేరిన ఆ రోజుల్లో, జగిత్యాల జనమంతా నిశ్చింతగా ఉన్నారంటే అది నా పుణ్యమేనని నాకు గట్టి నమ్మకం. మాది థైరాయిడ్ జబ్బులకు మందిచ్చే చిన్న ఆసుపత్రి. ఆ మందు రేడియోధార్మికత ఉన్న గోలీ. దాన్ని సీసపు డబ్బాలో, ఆ డబ్బాను అట్టపెట్టెలో పెట్టి, పసుపుపచ్చ గుర్తు అతికించి హైదరాబాద్ నుంచి పంపేవారు. రాగానే పెట్టె తడిసిందా, నలిగిందా చూడాలి. రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి కొలవాలి. దూదితో పైన తుడిచి ఆ దూదినీ కొలవాలి. అన్నీ కుదిరితేనే లోపలికి. (నా పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదు.)

ఒక్కడినే పెట్టె దింపుకునే భాగ్యం మొదటిసారి దక్కిన రోజున, లోపల మల్లాపూర్ అక్క ఎదురుచూస్తోంది. ఈ మందు కోసం పాత మాత్రలు ఆపేసి, గుండెదడతో, రెండేళ్ల పిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చిన మనిషి. పెట్టెలో తేడా ఉంటే ఇంకోటి రావడానికి వారం పడుతుంది. అందాకా ఆమెకు ఆ దడే గతి.

కోరుట్ల డ్రైవర్ చాచా వెనక వరండాలో పెట్టె దింపి, నా సంతకం కోసం గోడకు ఆనుకున్నాడు. నేను చేతులకు తొడుగులేసుకుని, చంద్రుడి మీద అడుగుపెడుతున్నవాడిలా వెళ్లి మీటరు నొక్కాను. అది కూసింది. ధర్మపురి దాకా వినబడే ఉంటుంది. పెట్టె మీద రాసిన అంకెకు ఎన్నో రెట్లు చూపిస్తోంది. సీసం డబ్బా పగిలిందేమోనని వెనక్కి జరిగాను. దూరం జరిగితే కూత తగ్గాలి, శాస్త్రం అదే చెబుతుంది. నేను జరిగేకొద్దీ పెరిగింది. అణువులన్నీ పెట్టె దిగి నా చెప్పులకు అంటుకున్నాయని తేల్చుకుని, రెండు చెప్పులూ విప్పి అవతల పడేశాను. తలుపు సందులోంచి ఇదంతా చూసిన మల్లాపూర్ అక్క, అట్ల కూసే మందు తాను మింగనని నర్సుతో చెప్పి సంచి సర్దుకోసాగింది.

చాచా మాత్రం నింపాదిగా అన్నాడు. "బేటా, పెట్టె గాడ్నే ఉంది. నువ్వే ఎన్కకు ఎన్కకు పోయి గా అమ్మ ఒళ్లె కూసునేటట్టున్నవ్."

తిరిగి చూస్తే, వరండాలోని చివరి బెంచీ మీద మా సిరిసిల్ల చిన్నమ్మ! కొద్దిరోజుల కిందటే హైదరాబాద్‌లో ఆమె కూడా ఇదే గోలీ మింగింది. మింగినవాళ్ల ఒంట్లోంచి కొన్నాళ్లపాటు ఆ కిరణాలు వస్తూనే ఉంటాయి. మీటరు ఆమె వైపు తిప్పితే ఆపకుండా రాగం తీసింది.

"పనిల ఉన్నవని పిలువలే కొడుకా. పిల్లలకు దూరంగ ఉండుమన్నరు. మనుమరాలేమో ఎత్తుకో ఎత్తుకో అని కాళ్లకు సుట్టుకుంటాంది. దాన్ని ఎట్ల నూకేసుడు? మీ తాన గిసొంటియి అలవాటే గదా అని అచ్చిన. బస్సుల గూడ ఎన్క సీట్ల ఒక్కదాన్నే కూసున్న."

ఆమెకు పెరటి గోడ పక్కన, అల్లంత దూరాన కుర్చీ వేసి వచ్చి మళ్లీ కొలిచాను. మీటరు బుద్ధిగా పెట్టె మీది అంకె దగ్గరే ఆగింది. దూదీ శుభ్రమే. సంతకం పెట్టాను. కానీ మల్లాపూర్ అక్క చేతిలోని సంచి దిగలేదు. వరండాలో నిలబడి, దూరంగా ఉన్న చిన్నమ్మను మందు ఎట్లుంటదని అడిగింది. నీళ్లు తాగినట్టే ఉంటదని చిన్నమ్మ చెప్పింది. గోలీతో ఏ కష్టమూ లేదని, పిల్లను ఎత్తుకోకుండా ఉండుడే కష్టమని కూడా దాచకుండా చెప్పింది.

"గన్ని దినాలు దూరముంటే నా పిల్ల నన్ను మర్సిపోదా అవ్వా?"

"మర్సిపోదు బిడ్డా, కోపానికొస్తది. కోపమున్నోళ్లు ఏదీ మర్సిపోరు."

అక్క సంచి కింద పెట్టింది. ఆ మధ్యాహ్నమే గోలీ మింగింది.

ఇప్పుడు నాకు బట్టతల వచ్చింది (అణువుల తప్పు కాదు, మా నాన్న ఇచ్చిన ఆస్తి). చిన్నమ్మ సిరిసిల్లలో, తనకంటే పొడుగు పెరిగిన మనుమరాలితో రోజూ తగువులాడుతూ హాయిగా ఉంది. పెట్టె వచ్చినప్పుడల్లా నేను ముందు వరండా అంతా కొలిచి, ఆ తర్వాతే దాని దగ్గరకు వెళతాను. కొత్త పిల్లలు దాన్ని అనుభవం అనుకుని గౌరవంగా చూస్తారు. ఆ చివరి బెంచీ దగ్గర మీటరు చప్పుడు చేయకుండా ఊరుకుంటే మాత్రం, నాకు ఒక్క క్షణం చిన్నబోయినట్టే ఉంటుంది.