సూరయ్య గారి పదిహేడు డిగ్రీలు

నిరుడు శ్రావణంలో వరద తీశాక మా సెయిలింగ్ క్లబ్బులో పోయినవన్నీ లెక్క వేసింది నేనే. ఆరు తెరచాప పడవల్లో నాలుగు. లైఫ్ జాకెట్లు పందొమ్మిది. నీటి మీద గుర్తుగా తేలే బోయాలు ఎనిమిది. చెక్క జెట్టీ, దాని కింది పద్నాలుగు గుంజలతో సహా. జాబితా అడుగున అన్నిటికంటే చివర రాసింది నా సొంత నష్టం: నోటు పుస్తకాలు తొమ్మిది.

మాది నరసాపురం. పదో తరగతితో చదువు ఆపేసి, లేసు అల్లేవాళ్ళ దగ్గర గళ్ళు లెక్కపెట్టే పనిలో చేరాను. గళ్ళ కాగితం మీద పువ్వు గీసి, ఏ వరసలో ఎన్ని ఖాళీలో, ఎన్ని నిండుగళ్ళో చెప్పడం నా పని. త్రికోణమితి తర్వాత పాత పాఠ్యపుస్తకాలు కొని నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ళ కిందట క్లబ్బులో రికార్డులు రాయడానికి వచ్చాను. అప్పటినుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి జెట్టీ మీదినుంచి ఒక ఎండు కొబ్బరికాయ వదిలి, రెండు గుంజల మధ్య అది ఎన్ని సెకన్లలో పోతుందో చూసి రాసేదాన్ని. మా ఊళ్ళో గోదావరికి సముద్రం దగ్గర. పోటు వేళ నీరు పైకి ఎక్కుతుంది, పాటు వేళ దిగుతుంది. ఏ తిథినాడు నాలుగింటికి నీరు ఎటు, ఎంత వడిగా పోతుందో ఆ పుస్తకాల్లో ఉండేది. జెట్టీతో పాటు పుస్తకాల అలమర కూడా పోయింది. మళ్ళీ మొదలుపెట్టడానికి మనసు రాలేదు.

పడవలు రెండే మిగిలాయని సెక్రటరీ గారు ఒక యంత్రం తెప్పించారు. ఆయనకి భీమవరంలో చేపల మేత వ్యాపారం. కొత్త వస్తువంటే సరదా. వర్చువల్ రియాలిటీ అంటారు. హెడ్‌సెట్ అనే పెట్టెని కళ్ళకి కట్టుకుంటే చుట్టూ నీళ్ళు, ఆకాశం, తెరచాప కనిపిస్తాయి. తల ఎటు తిప్పితే అటు దృశ్యం తిరుగుతుంది. కింద పడవ ఆకారంలో ఒక కుర్చీ, చేతికి చుక్కాని, రెండో చేతికి తెరచాప తాడు. పడవ ముక్కు ఏ క్షణంలో ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో యంత్రమే పక్కనున్న తెర మీద రాసిపెడుతుంది. సెక్రటరీ గారు ఒక నియమం పెట్టారు. ఎదురుగా కనిపించే బోయా దగ్గరికి సూటిగా వెళ్ళి చుట్టి రావాలి. రోజుకి ఒకే ప్రయత్నం, సాయంత్రం నాలుగింటికి. మూడు వారాల గడువులో వరసగా మూడు రోజులు అలా చేసినవాళ్ళకే నిజం పడవ.

మార్గశిర షష్ఠినాడు సూరయ్య గారు వచ్చారు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఇంజన్లు రాకముందు తెరచాప నావ మీద కొబ్బరికాయలు, గడ్డి వేసుకుని నది దాటించినవారు.

"ఒక్కసారి చాప కట్టుకుని అవతలి ఒడ్డుకి పోవాలండి," అన్నారు సెక్రటరీ గారితో. "ఇంజను పంటు మీద రేవు దాటుతుంటే నన్నూ కాయల బస్తాలాగే దించుతున్నారు."

"మీ అమ్మాయి మొన్న వచ్చి మరీ చెప్పి వెళ్ళిందండి, మా నాన్నని పడవెక్కనివ్వద్దని. కన్ను ఆపరేషన్ కూడా అయింది కదా మీకు."

"కన్నుకే కదండీ చేశారు, చేతికి కాదు కదా!"

సెక్రటరీ గారు నవ్వి, "సరే, యంత్రం మీద నెగ్గండి, నేనే తాడు విప్పుతాను. నెగ్గకపోతే మాత్రం ఇంకెప్పుడూ అడక్కూడదు," అన్నారు. సూరయ్య గారు ఒప్పుకున్నారు.

హెడ్‌సెట్ కట్టగానే, "ఏంటమ్మా ఇది, గానుగెద్దుకి గంతలు కట్టినట్టు కట్టావు!" అన్నారు. మరుక్షణం ఎడమచెయ్యి గాలిలోకి చాచి, లేని అలని తడిమి చూశారు. తర్వాత చుక్కాని పట్టుకున్నారు. ఆ పట్టు చూస్తే నెగ్గేస్తారనిపించింది. కానీ పడవ ముక్కు బోయాకి పద్నాలుగు డిగ్రీలు ఎడమకి పెట్టి, చెయ్యి కదపకుండా కూర్చున్నారు.

"ఎడమకి పోతున్నారు బాబాయి గారూ!"

"పోనియ్యమ్మా, నీళ్ళు దించుతాయి."

నీళ్ళు దించలేదు. పడవ బోయాని దాటి ఎటో పోయింది. నేను పుస్తకంలో 'తప్పు, ఎడమ, 14' అని రాశాను.

సప్తమినాడు కరెంటు లేదు. అష్టమినాడు ఎడమకి అయిదు డిగ్రీలు. నవమినాడు గీత గీసినట్టు బోయా మీదికే పోయారు. అందరం చప్పట్లు కొట్టాం. దశమినుంచి ద్వాదశి దాకా మూడు రోజులూ మళ్ళీ తప్పు, ఈసారి కుడికి. త్రయోదశికి కుడికి పదహారు. చతుర్దశినాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి రాలేదు. పౌర్ణమికి కుడికి ఆరు. పాడ్యమికి మళ్ళీ సూటిగా! తర్వాత రెండు రోజులు కరెంటు తీసేశారు, విదియ పోయింది. తదియనాడు నాలుగింటికి ముందే వచ్చింది కాబట్టి ఆ రోజు ఒక ప్రయత్నం దక్కింది: ఎడమకి పదిహేను. చవితినాడు అసలు లేదు.

"పెద్దాయనకి చేతులు వణుకుతున్నాయండి," అన్నారు సెక్రటరీ గారు. "ఒకరోజు ఎడమ, ఒకరోజు కుడి. ఇక ఆపేద్దాం. నేనే చెప్తాను ఆయనకి."

చవితి సాయంత్రం ఊరికే కూర్చుని ఆ తప్పుల్ని గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టాను. చెయ్యి వణికితే చుక్కలు చెదరాలి. ఇవి చెదరలేదు. ఎడమనుంచి మెల్లగా మధ్యకి, మధ్యనుంచి కుడికి, మళ్ళీ మధ్యకి, మళ్ళీ ఎడమకి. లేసు అంచుకి వేసే వంపులాంటి వంపు. ఆ వంపు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు నా చేత్తో రాసిన వంపు అది. నాలుగింటికి నీరు దిగే తిథుల్లో ఆయన ఎగువకి, అంటే ఎడమకి, ముక్కు పెట్టారు. నీరు ఎక్కే తిథుల్లో దిగువకి పెట్టారు. నీరు నిలిచే తిథుల్లో సూటిగా పెట్టారు.

వెంటనే సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. "ఆ యంత్రంలో నీళ్ళు ఎటు పోతాయండి?"

"ఎటూ పోవండి. చెరువులాంటిది. గాలి ఒక్కటే ఉంటుంది."

"అయితే సూరయ్య గారు ఆ చెరువులో మన గోదావరి దాటుతున్నారండి."

ఆయన నమ్మలేదు. "వచ్చేటప్పుడు నది చూసే వస్తారు కదా, అదే బుర్రలో ఉండిపోయి ఉంటుంది," అన్నారు. అది సరైన అనుమానమే. అందుకని పంచమినాడు సూరయ్య గారిని పొద్దున్నే పిలిచి, మధ్యాహ్నం భోజనం కూడా యంత్రం ఉన్న షెడ్డులోనే పెట్టించాం. తలుపులు, కిటికీలు వేసేశాం. నది కనిపించదు. ఆయన లోపలే బల్ల మీద ఓ కునుకు కూడా తీశారు.

నాలుగింటికి లోపల సెక్రటరీ గారు, ఆయన. బయట నేను. జెట్టీ ఉండేచోట నడుములోతు నీళ్ళలో ఇరవై మీటర్ల ఎడంగా రెండు వెదుళ్ళు పాతించాను. వరద తర్వాత మొదటిసారి కొబ్బరికాయ వదిలాను. నలభై నాలుగు సెకన్లు పట్టింది, దిగువకి. నిమిషానికి ఇరవై ఏడు మీటర్ల పైచిలుకు. యంత్రంలో పడవ వేగం నిమిషానికి తొంభై మీటర్లు. రెండింటినీ భాగించి, సైన్ పట్టిక చూశాను. ఆ నీటికి అడ్డంగా సూటిగా దాటాలంటే ముక్కుని పదిహేడున్నర డిగ్రీలు ఎగువకి పెట్టాలి. కాగితం మీద రాసి, మడిచి, తడిచీరతోనే లోపలికి వెళ్ళాను.

సెక్రటరీ గారు నా కాగితం విప్పి చూశారు. తర్వాత తెర వైపు చూశారు. తెర మీద: ఎడమ, పదిహేడు.

పట్టిక, గడియారం, టేపు పెట్టుకుని నేను చేసిన లెక్క అది. ఆయన కళ్ళకి గంతలు కట్టుకుని, మూసిన గదిలో, కునుకు తీసి లేచి చేశారు. తేడా అర డిగ్రీ. అది నా టేపు తప్పే అయి ఉండొచ్చు.

"ఎలా తెలిసింది బాబాయి గారూ?"

హెడ్‌సెట్ తీసి ఆయన నావైపు వింతగా చూశారు. "తెలియడమేంటమ్మా? ఇవాళ పంచమి కదా!"

సెక్రటరీ గారు లేచి తాడు విప్పడానికి బయల్దేరారు. మూడు రోజుల నియమం ఎవరూ ఎత్తలేదు. మర్నాడు సూరయ్య గారి కూతురు ఒడ్డున నిలబడి, లైఫ్ జాకెట్ తాళ్ళు తనే బిగించి, "తిన్నగా వెళ్ళి తిన్నగా రా నాన్నా," అంది.

"తిన్నగా వెళ్తే తిన్నగా చేరనే," అని తెరచాప ఎత్తారాయన.

పడవ ముక్కు అవతలి రేవుకి చాలా ఎగువన, ఏదో కొబ్బరితోట వైపు చూస్తోంది. తెలియనివాళ్ళు చూస్తే దారి తప్పాడనుకుంటారు. నది ఆయన్ని తెచ్చి, సరిగ్గా రేవు మెట్ల దగ్గర పెట్టింది. నా చేతిలో గడియారం ఉంది. చూడడం మరిచిపోయాను. చేతిలో గడియారం ఉండి కూడా ఇన్నేళ్ళలో రాయకుండా వదిలేసిన అంకె అదొక్కటే.

ఆ రాత్రి నా పుస్తకంలో 'తప్పు' అని రాసిన చోటల్లా కొట్టేసి 'నీరు' అని రాశాను. ఒక మనిషి గురి తప్పాడని రాసేముందు, ఆయన ఏ నీటి మీద ఉన్నాడో అడగాలని నాకు ఈ ఉద్యోగం తొమ్మిదేళ్ళకి నేర్పింది.

పౌర్ణమి వైపు పక్షానికీ అమావాస్య వైపు పక్షానికీ వంపు ఒకటే కాబట్టి, పదిహేను తిథులు దొరికితే పోయిన పుస్తకాల సారం తిరిగి వచ్చినట్టే. సూరయ్య గారి చేతినుంచి పదకొండు వచ్చాయి. మిగిలినవాటి కోసం హెడ్‌సెట్ పట్టుకుని అడిగితే, "నది ఉండగా ఆ గంతలెందుకమ్మా? పడవెక్కు, చూపిస్తాను," అంటారు. తొమ్మిదేళ్ళు ఒడ్డునే నిలబడి లెక్క రాసినదాన్ని. తెరచాప పడవలో ఇంతవరకు కాలు పెట్టలేదు. ఆయన నాకు తిథులు బాకీ అని నేనంటాను, నేనే ఆయనకి పడవెక్కడం బాకీ అని ఆయనంటారు. సప్తమి, చతుర్దశి, విదియ, చవితి. నాలుగు.